యుద్ధం ఎక్కడ మలుపు తిరిగింది?



క్రిందటేడు ఇదే శీర్షికలో పనామా కాలువ గురించి రాస్తే, "బావుంది గానీ పండగపూట ఇంత ఇంజనీరింగా అన్నయ్యగారూ?" అని ఒక సోదరి ఫోన్లో మెత్తగా చీవాట్లు పెట్టారు. ఈసారి ఏకంగా యుద్ధం గురించే రాస్తున్నాను. పండగ సంచికలో యుద్ధమేమిటని ముఖం చిట్లించుకోకండి. దీపావళి మాత్రం ఏమిటి? నరకాసురుడితో యుద్ధం ముగిసిన సంతోషంతో వెలిగించుకున్న దీపాలేగా!

ఈ వ్యాసానికి అసలు కారణం మా అమ్మాయి. పదో తరగతి చదువుతోంది. చరిత్ర టీచరు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధాన్ని మలుపు తిప్పిన ఒకే ఒక్క పోరాటాన్ని ఎంచుకుని, ఎందుకు అదేనో వాదిస్తూ అయిదు పేజీలు రాయాలి. మా అమ్మాయి రెండో ఆలోచన లేకుండా 'నార్మండీ' అని రాసేసుకుంది. క్లాసులో చాలామంది అదే రాసుకున్నారట. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళ పాఠ్యపుస్తకంలో నార్మండీకి ఫొటోలతో సహా నాలుగు పేజీలు ఉన్నాయి, స్టాలిన్‌గ్రాడ్‌కి ఒక్క పేరా ఉంది.

"అదేనని ఎలా తేల్చావమ్మా?" అన్నాను. ఆ ఒక్క ప్రశ్నతో మూడు శనివారాలు గడిచిపోయాయి. భోజనాల బల్ల నిండా మ్యాపులే. "పప్పుగిన్నె పెట్టుకోవడానికైనా కాస్త జాగా వదలండి. రష్యాని కొంచెం పక్కకి జరపండి" అని మా ఆవిడ గోల.

మేమిద్దరం ఆ మూడు వారాల్లో తెలుసుకున్న సంగతులు మీతోనూ పంచుకుంటాను. మన పిల్లలు ఇక్కడి స్కూళ్ళలో ఈ పాఠం చదువుతూనే ఉంటారు కదా.

మొదటి రెండేళ్ళు

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద పడడంతో యుద్ధం మొదలైంది. 1940 మే 10న పడమటి దేశాల మీద దాడి. ఆరు వారాల్లో ఫ్రాన్స్ లొంగిపోయింది. సముద్రపుటంచుకి తరుముకొచ్చిన బ్రిటిష్, ఫ్రెంచి సైనికుల్ని డంకర్క్ రేవు నుంచి మే 26, జూన్ 4 మధ్య 3,38,000 మందిని ఓడల్లో, పడవల్లో దాటించారు. ఫిరంగులూ, లారీలూ అక్కడే వదిలేసి ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ఫ్రాన్స్ సేనలో మన దేశం నుంచి వెళ్ళిన కంచరగాడిదల రవాణా దళాలు కూడా ఉన్నాయంటే మా అమ్మాయి నమ్మలేదు. పుస్తకం తెరిచి చూపించాల్సి వచ్చింది.

ఆ ఎండాకాలంలోనే ఇంగ్లండు ఆకాశంలో పోరాటం మొదలైంది. జర్మన్ విమానాల్ని ఆపింది పైలట్ల ధైర్యమే అని సినిమాల్లో చూస్తాం. ధైర్యం నిజమే. దాని వెనక తీరం పొడుగునా నిలబెట్టిన రాడార్ స్తంభాలు, వాటి కబుర్లు క్షణాల్లో అందించే టెలిఫోన్ తీగలు, పెద్ద బల్ల మీద మ్యాపు పరిచి శత్రు విమానాల గుర్తుల్ని జరుపుతూ కూర్చున్న ఆడపిల్లలు ఉన్నారు. ఎక్కడికి, ఎప్పుడు, ఎన్ని విమానాలు పంపాలో ముందే తెలిసిపోయేది. ఉన్న కొద్ది విమానాలూ ఊరికే గాలిలో తిరిగి పెట్రోలు తగలేసుకోనక్కర్లేకపోయింది. 1940 సెప్టెంబరు 17న హిట్లర్ ఇంగ్లండు మీద దండయాత్రను వాయిదా వేశాడు.

"అయితే ఇదే మలుపు కదా నాన్నా?" అంది మా అమ్మాయి.

"ఇంగ్లండు ఓడిపోకుండా నిలబడింది. జర్మనీ ఓడిపోవడం ఇంకా మొదలవలేదు" అన్నాను.

రైలు పట్టాలు, రొట్టె ముక్కలు

1941 జూన్ 22న ముప్ఫయి లక్షల పైచిలుకు జర్మన్ సైన్యం రష్యా సరిహద్దు దాటింది. టాంకుల ఫొటోలే మనకి గుర్తు. ఆ సైన్యంతో పాటు ఆరు లక్షలకు పైగా గుర్రాలు కూడా నడిచాయని చాలామందికి తెలియదు. లోపలికి పోయినకొద్దీ అసలు చిక్కు బయటపడింది. రష్యా రైలు పట్టాల వెడల్పు వేరు, జర్మనీ పట్టాల వెడల్పు వేరు. మీటరు గేజి బండి దిగి, పెట్టే బేడా నెత్తిన పెట్టుకుని బ్రాడ్ గేజి బండికి పరిగెత్తిన మన తరం వాళ్ళకి ఆ బాధ వివరించనక్కర్లేదు. పట్టాలు ఊడదీసి మళ్ళీ బిగించుకుంటూ పోవాలి. బిగించాక కూడా జర్మన్ ఇంజన్ల నీటి గొట్టాలు బాయిలరు బయట ఉండడంతో రష్యా చలికి గడ్డకట్టి పగిలిపోయాయి. ముందు సిపాయిలు చలికోట్లు లేక వణుకుతుంటే, వెనక స్టేషన్లలో సరుకు ఆగిపోయింది. డిసెంబరు 5న రష్యన్లు మాస్కో ముంగిట ఎదురుదాడి మొదలుపెట్టి వాళ్ళని వెనక్కి నెట్టారు.

ఉత్తరాన లెనిన్‌గ్రాడ్ నగరాన్ని జర్మన్లు 1941 సెప్టెంబరు 8న దిగ్బంధం చేశారు. అది 1944 జనవరి 27 దాకా, 872 రోజులు సాగింది. ఆ మొదటి చలికాలంలో పిల్లలకీ, వృద్ధులకీ, ఫ్యాక్టరీ పని లేనివాళ్ళకీ రోజుకి దొరికింది 125 గ్రాముల రొట్టె. మన లెక్కలో మూడు ఇడ్లీల తూకం. అందులోనూ పిండి కొంతే, మిగిలింది పొట్టూ, తౌడూ. గడ్డకట్టిన లడోగా సరస్సు మీద మంచులోనే రోడ్డు వేసి లారీలతో తిండి తెచ్చుకున్నారు. అయినా ఎనిమిది లక్షలకు తక్కువ కాకుండా జనం పోయారని అంచనా.

మా ఆఫీసులో ఒక రష్యన్ మిత్రుడున్నాడు. వాళ్ళ నాయనమ్మ ఆ దిగ్బంధంలో బతికి బయటపడిన చిన్నపిల్ల. భోజనం అయ్యాక బల్ల మీద రాలిన రొట్టె పొడిని అరచేత్తో పోగుచేసి నోట్లో వేసుకునేదట, తొంభై ఏళ్ళు దగ్గర పడినా. "మా ఇంట్లో రొట్టె చెత్తబుట్టలో పడదు" అన్నాడతను. ఆ రోజు మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలో మిగిలిన పులిహోర పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు.

వోల్గా ఒడ్డున

1942లో హిట్లర్ చూపు నూనె బావుల మీద పడింది. కాకసస్ నూనె చేతికొస్తే తప్ప టాంకులు నడవవు. సైన్యాన్ని రెండుగా చీల్చి సగాన్ని నూనె కోసం, సగాన్ని వోల్గా నది మీద ఉన్న స్టాలిన్‌గ్రాడ్ కోసం పంపాడు. ఆగస్టు 23న విమానాలు ఆ ఊరిని కాల్చి బూడిద చేశాయి. ట్రాక్టరు ఫ్యాక్టరీ వైపు వచ్చిన జర్మన్ టాంకుల్ని ఆ రోజు సాయంత్రం విమాన విధ్వంసక ఫిరంగులతో ఎదుర్కొన్న వాళ్ళలో చాలామంది హైస్కూలు దాటి ఎంతో కాలం కాని ఆడపిల్లలు. ఇది చదివాక మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

స్టాలిన్‌గ్రాడ్ వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. నది వెంట పొడుగ్గా సాగిన ఊరు. రష్యన్ 62వ సైన్యం వీపు నదికి ఆనుకుని ఉంది. దాని నాయకుడు చూయికోవ్ తన మనుషుల్ని జర్మన్ సిపాయిలకి కూతవేటు దూరంలో ఉంచాడు. అంత దగ్గరగా ఉంటే జర్మన్ విమానాలు బాంబు వేయలేవు, వేస్తే సొంతవాళ్ళ మీద పడుతుంది. వీధి కోసం, ఇంటి కోసం, మేడమెట్ల కోసం నెలల తరబడి కొట్టుకున్నారు. మమాయెవ్ కుర్గాన్ అనే చిన్న గుట్ట ఎన్నోసార్లు చేతులు మారింది. రాత్రిపూట పడవలు వోల్గా దాటి కొత్తవాళ్ళని దించి, గాయపడినవాళ్ళని ఎక్కించుకుపోయేవి.

జర్మనీ ఆరవ సైన్యానికి అధిపతి పౌలస్. అతని బలగమంతా ఆ శిథిలాల్లో ఇరుక్కుంది. అటూ ఇటూ రెండు పార్శ్వాల కాపలా ఎక్కువగా రుమేనియా సైన్యాలది. వాళ్ళకి టాంకుల్ని ఆపగల ఫిరంగులు సరిగ్గా లేవు. రష్యన్ సేనాపతులు సరిగ్గా అక్కడే గురిపెట్టారు. రాత్రుళ్ళు మాత్రమే కదులుతూ, పగలు దాక్కుంటూ పది లక్షల సేనను పోగుచేశారు. 1942 నవంబరు 19న ఉత్తరం నుంచి, మర్నాడు దక్షిణం నుంచి దెబ్బ కొట్టారు. 23వ తేదీకి రెండు చేతులూ కలాచ్ దగ్గర కలుసుకున్నాయి. రెండున్నర లక్షల మందికి పైగా పద్మవ్యూహంలో చిక్కుకున్నారు. లోపలికి వెళ్ళడం తెలిసింది, బయటికి రావడం తెలియలేదు.

విమానాలతో సరుకు అందిస్తానని గోరింగ్ మాట ఇచ్చాడు. ఇక్కడ నాలోని ఇంజనీరు కాగితం, పెన్సిలు తీశాడు. చిక్కుకున్నవాళ్ళకి రోజుకి ఎంత తక్కువ అనుకున్నా 300 టన్నులు కావాలి. అప్పటి రవాణా విమానం మోసేది సుమారు రెండు టన్నులు. అంటే రోజుకి 150 సార్లు దిగాలి. పొద్దు పొడిచి మునిగే లోపు కొద్ది గంటలే వెలుగు. పొగమంచు, శత్రు ఫిరంగులు, చలికి మొరాయించే ఇంజన్లు. అయిదు నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది. నిజంగా అందింది సగటున రోజుకి వంద టన్నుల చిల్లర. హిట్లర్ దగ్గర ఈ లెక్క తెలిసినవాళ్ళు లేక కాదు, చెప్పినా అతను వినలేదు. పై అధికారికి ఇష్టం లేని లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకిప్పుడు ఈ మూడు వందల టన్నులు గుర్తొస్తున్నాయి.

డిసెంబరులో బయటి నుంచి మాన్‌స్టీన్ సేన విడిపించడానికి వచ్చి, ఇంకా యాభై కిలోమీటర్లు ఉందనగా ఆగిపోయింది. లోపలివాళ్ళు గుర్రాలన్నీ కోసుకు తిన్నారు. జనవరి 30న హిట్లర్ పౌలస్‌కి ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చాడు. ఆ హోదాలో ఉన్న జర్మన్ ఎవరూ అంతదాకా శత్రువుకి చిక్కలేదు కనుక, చావమని చెప్పకుండా చెప్పడమే అది. పౌలస్ మర్నాడే లొంగిపోయాడు. 1943 ఫిబ్రవరి 2న తుపాకుల మోత ఆగింది. పట్టుబడిన 91,000 మందిలో స్వదేశం చేరింది సుమారు ఆరు వేలు, చివరివాళ్ళు 1955లో. రష్యా వైపు చనిపోయిన, కనిపించకుండా పోయిన సైనికులే నాలుగు లక్షల ఎనభై వేల దాకా ఉన్నారు.

ఆ జులైలో కుర్స్క్ దగ్గర జర్మన్లు మళ్ళీ ఎగబడ్డారు, విరిగారు. ఆ తరవాత తూర్పున వాళ్ళు పెద్ద దాడి చేసే స్థితిలో లేరు.

నార్మండీ చిన్నదేమీ కాదు

ఇంతవరకూ విని మా అమ్మాయి తన కాగితాలు చించేయబోయింది. "ఆగమ్మా, నార్మండీ చిన్నదని నేననలేదు" అన్నాను.

1944 జూన్ 5న జరగాల్సిన దాడి తుఫాను వల్ల ఒక రోజు ఆగింది. మబ్బుల్లో చిన్న సందు దొరుకుతుందన్న వాతావరణ శాస్త్రజ్ఞుల మాట మీద ఐసెన్‌హోవర్ సరే అన్నాడు. జూన్ 6న ఒక్కరోజే లక్షా యాభై ఆరు వేల మంది ఫ్రాన్స్ గడ్డ మీద దిగారు. ఒమాహా తీరంలో ఇసుక దాటేలోపే వందల కొద్దీ నేలకూలారు. ఆ తీరం పైన ఉన్న అమెరికన్ శ్మశానవాటికలో తొమ్మిది వేలకు పైగా సమాధులున్నాయి. మనకి ఆశ్రయమిచ్చిన ఈ దేశం ఆ పేరు తలచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటే అందులో తప్పేముంది?

కానీ అదే జూన్ 22న తూర్పున 'బగ్రతియోన్' పేరుతో రష్యన్లు మొదలుపెట్టిన దాడి ఈ పాఠ్యపుస్తకంలో పేరుకైనా లేదు. కొన్ని వారాల్లో జర్మనీ మధ్య సైన్య సముదాయంలో 28 డివిజన్లు చితికిపోయాయి. పట్టుబడిన 57,000 మందిని జులై 17న మాస్కో వీధుల్లో నడిపించారు. యుద్ధం మొత్తం మీద జర్మన్ సైనికుల మరణాల్లో ముప్పాతిక భాగం దాకా తూర్పు రంగంలోనివే. సోవియట్ దేశం పోగొట్టుకున్న ప్రాణాలు సుమారు 2 కోట్ల 70 లక్షలు.

అయితే ఆ రష్యన్ సిపాయిలు ఎక్కింది ఏ లారీలు? యుద్ధకాలంలో అమెరికా వాళ్ళకి పంపిన లారీలు, జీపులు నాలుగు లక్షల దాకా ఉన్నాయి. గుర్రాలతో మొదలైన జర్మన్ సైన్యాన్ని అమెరికన్ లారీ ఎక్కిన రష్యన్ సిపాయి తరిమాడు. ఒకరు లేకుండా ఒకరి గెలుపు ఇంకెంత రక్తం కోరేదో!

మిలిటరీ తాతగారు

మూడో శనివారం మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇంతకీ మనవాళ్ళెవరూ లేరా అక్కడ?"

"అది మన యుద్ధం కాదమ్మా" అనబోయి నాలుక కరుచుకున్నాను.

1939లో వైస్రాయి మన నాయకుల్ని ఒక్కమాట అడక్కుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. అయినా పాతిక లక్షల మంది సైన్యంలో చేరారు. పొట్టకూటికే చేరినవాళ్ళు చాలామంది. 87,000 మంది తిరిగి రాలేదు. ఇటలీలో నాలుగు, ఎనిమిది, పది నంబర్ల భారత డివిజన్లు పోరాడాయి. రోముకి పోయే దారిని అడ్డగించిన మోంటే కసినో కొండ కోసం 1944 జనవరి నుంచి మే 18 దాకా నాలుగు విడతల పోరాటం జరిగింది. కొండమీది ప్రాచీన మఠాన్ని ఫిబ్రవరి 15న బాంబులతో కూల్చారు. ఆ రాళ్ళ కుప్పలే జర్మన్లకి ఇంకా మంచి కోట అయ్యాయి. దాని మీదికి ఎక్కబోయిన వాళ్ళలో నాలుగవ భారత డివిజన్ ఒకటి. ఆఖరి పోరాటంలో మే నెలలో గారి నదిని దాటినవాళ్ళలో ఎనిమిదవ భారత డివిజన్ ఉంది. అక్కడ పందొమ్మిదేళ్ళ సిపాయి కమల్ రామ్‌కి విక్టోరియా క్రాస్ వచ్చింది. జూన్ 4న రోము చేజిక్కింది. రెండు రోజులకే నార్మండీ. ఇటలీ కబురు పత్రికల్లో మూలకి పోయింది.

ఆ నాలుగవ డివిజన్లో మద్రాస్ శాపర్స్ వాళ్ళుండేవారు. దారులు వేయడం, వంతెనలు కట్టడం, పాతిపెట్టిన మందుపాతరల్ని వెతికి తీయడం వాళ్ళ పని. ఆ రోజుల్లో మద్రాసు రాజధాని అంటే మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా కూడా. ఆ దళంలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉండేవారు. 1944 ఫిబ్రవరి 24న కసినోకి దగ్గర్లోని మిన్యానోలో పాతరలు ఏరుతుండగా ఒకటి పేలబోతే, తోటివాళ్ళని కాపాడటానికి సుబేదార్ సుబ్రహ్మణ్యన్ దాని మీద పడి ప్రాణమిచ్చాడు. మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు. పాతరల్ని ఎలా వెతికేవారో కూడా అక్కడే చదివాను. యంత్రం లేనిచోట కడ్డీతోనో బాయ్‌నెట్‌తోనో నేలను మెల్లగా గుచ్చుకుంటూ, అంగుళం అంగుళం ముందుకి పోవాలి.

అది చదివి పుస్తకం మూసేశాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా. మిలిటరీ మాధవరం అని పేరే పడిన ఊరున్న జిల్లా. మా ఊళ్ళో కూడా, మా వీధి చివర, 'మిలిటరీ తాతగారు' ఉండేవారు. పలచగా, పొడుగ్గా, ఖాకీ స్వెట్టరుతో. "ఇటలీలో మోకాలి లోతు మంచులో ఇనప వంతెన కట్టాం రా" అంటే గోదావరి ఎండలో నిలబడి పడిపడి నవ్వేవాళ్ళం. ఆయనకి ఒక అలవాటుండేది. బాట దిగి గట్టు మీదికో, గడ్డిలోకో అడుగు వేయాలంటే ముందు చేతికర్రతో నేలను మెల్లగా రెండు మూడు చోట్ల గుచ్చి చూసేవారు. మేము వెనకాలే కర్రపుల్లలతో ఆయన నడకని అనుకరిస్తూ వరసకట్టి నడిచేవాళ్ళం. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశారు, ఏమీ అనలేదు. పాములకి భయపడతారనుకున్నాం.

ఆయన ఏ దళంలో పనిచేశారో నేను అడగలేదు. నేను ఇంజనీరింగు రెండో ఏడులో ఉండగా పోయారు. వంతెనలు కట్టడం గురించి పరీక్ష రాసిన వాణ్ణి, వంతెన కట్టిన మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆయన మాత్రం ఎవరికి చెప్పుకుంటారు? 1942 ఆగస్టులో తెనాలిలో పోలీసు కాల్పులకి మనవాళ్ళు బలయ్యారు. 1943లో బెంగాల్లో లక్షలాది జనం ఆకలికి మాడిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక జైలుకి వెళ్ళినవారికి దండలు వేశాం. వేయాల్సిందే. తెల్లవాడి సైన్యంలో పనిచేసిన బీదవాడికి మాత్రం ఊళ్ళో వినేవాళ్ళు మిగల్లేదు. ఇటలీలో సాంగ్రో నది దగ్గర, దహన సంస్కారం జరిగిన అయిదు వందల పైచిలుకు భారత సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. అక్కడికి పోయి ఆ పేర్లు చదివే మనవాళ్ళు ఎందరు?

ఏం రాసింది?

మా అమ్మాయి చివరికి స్టాలిన్‌గ్రాడ్‌ని ఎంచుకుంది. నూనె, రైలు, మూడు వందల టన్నుల లెక్క, అన్నీ తన మాటల్లో రాసింది. చివరి పేజీలో నేను చెప్పని ఒక పేరా చేర్చింది. ఏ దేశంలో ఈ ప్రశ్న అడిగితే ఆ దేశం పిల్లలు ఎక్కడ చనిపోయారో ఆ చోటునే మలుపు అంటారని, మా నాన్న ఊళ్ళో తాతగారిని అడిగి ఉంటే ఆయన ఏ పేరూ చెప్పకపోయి ఉండవచ్చని, ఎందుకంటే ఆయన్ని ఎవరూ అడగలేదని. టీచరు ఆ పేరా పక్కన "ప్రశ్నకు సంబంధం లేదు" అని రాసి రెండు మార్కులు తగ్గించారు. మా అమ్మాయి కాసేపు చిన్నబుచ్చుకుంది గానీ, ఆ పేరా కొట్టేయలేదు.

ఈ శీతాకాలం సెలవులకి మనలో చాలామంది ఇండియా వెళతారు. ఊళ్ళో, వీధిలో మిలిటరీకి వెళ్ళొచ్చిన ఇంటివాళ్ళు తప్పకుండా ఉంటారు. ఆనాటి వాళ్ళు ఇప్పుడు దాదాపు లేరు, కానీ వాళ్ళ కొడుకులు, కోడళ్ళు ఉన్నారు. ట్రంకుపెట్టె అడుగున ఒక పతకమో, పింఛను కాగితమో, ఇటాలియన్ బొమ్మ ఉన్న పోస్టుకార్డో ఉండవచ్చు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి. చెప్పింది రాసుకుని పంపితే, ఈ శీర్షికలో నా మాటలు తగ్గించి వాళ్ళ మాటలు వేయిస్తాను.

నేనూ ఈసారి మా వీధి చివరి ఇంటి తలుపు తట్టబోతున్నాను. వాళ్ళబ్బాయికి ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి. ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు మా అమ్మాయి అప్పుడే కాగితం మీద రాసి నా పాస్‌పోర్టులో పెట్టింది.

వచ్చే సంచికలో కలుద్దాం. సెలవు.